అందరూ ముందే

కవిటి దగ్గర కొబ్బరితోటల్లో ఇంటింటికీ నెట్ ఇచ్చేది తారకేశ్వరరావే. వైర్లన్నీ చెట్ల మీంచి వచ్చి, అతని వసారాలో స్విచ్ అనే చిన్న పెట్టెలో కలుస్తాయి. ఊరంతా ఒక్కసారే ఫోన్లు పట్టుకుంటే దారి ఇరుకైపోతుంది. అప్పుడు ఎవరిది ముందు వెళ్ళాలో, ఎవరిది ఆగాలో ఆ పెట్టెకు చెప్పి ఉంచాలి. మొదట్లో అతను ఒక్క డయాలసిస్ సెంటర్‌నే ముందు వరసలో పెట్టాడు. అక్కడి మంచాల మీదవాళ్ళను విశాఖ డాక్టరు వీడియోలో చూస్తాడు. ఆ మంచాల్లో ఒకటి అతని తల్లి రత్నాలమ్మది.

కానీ ఊరంతా చుట్టాలే. క్రికెట్ ఆగిపోయిందని పిల్లనిచ్చిన మామ జోగారావు వచ్చాడు.

"నా సెట్లకే వైర్లు సుట్టీసి, నా ఇంటికే బొమ్మ ఆపేత్తావేట్రా అల్లుడా?"

చెట్లు ఆయనవే మరి. కాదనలేక ఆయన్నీ ముందు వరసలో పెట్టాడు. అది తెలిసి కాంతమ్మత్త వచ్చింది.

"మీ మావకేనా మర్యాద? నీ పెళ్ళిలో వడ్డించి వడ్డించి మా నడుములు పడిపోనేదేటి?"

ఆమెనీ పెట్టాడు. అలా ఒక్కొక్కరే. పోట్లాటలు తగ్గాయి. అతనికి కాస్త కునుకు పట్టింది.

మ్యాచ్ ఉన్న ఒక మధ్యాహ్నం, సెంటర్ నుంచి భార్య నీలవేణి ఫోన్ చేసింది.

"అత్తకి ఒకటే ఆయాసం, కాళ్ళు వాసిపోనాయి. డాట్రుకి సూపిత్తంటే ఆయన నోరు తెరిసి బొమ్మలాగ ఉండిపోనారు. ఏటి సెప్తన్నారో ఇనబడ్నేదు."

"సెంటర్‌ది ముందే ఉంది కదే."

"ఎవులికన్నా ముందు?"

అతను ల్యాప్‌టాప్‌లో ఆ పెట్టె జాబితా తెరిచి చూస్తే వెనక వరసలో ఒక్క ఇల్లూ లేదు. ఒక్కో పేరే వెనక్కి తోశాడు. మామ పేరు దగ్గర వేలు ఆగింది. ఆ చెట్లు లేకపోతే వైర్లన్నీ రోడ్డు చుట్టూ తిప్పుకోవాలి. ఫోన్లో తల్లి ఎగశ్వాస వినిపిస్తూనే ఉంది. ఆ పేరూ తోసేశాడు.

కాసేపటికి ఫోన్లోంచి డాక్టరు గొంతు అందింది: "ఆలస్యం చెయ్యకండి. ఇప్పుడే విశాఖ తీసుకొచ్చెయ్యండి."

తీసుకెళ్ళారు. రత్నాలమ్మ తిరిగొచ్చి, వానాకాలం దాకా ఇంట్లో ఉండి, కొడుకు చేతి గంజి తాగి పోయింది.

జోగారావు మాత్రం ఆ మ్యాచ్ రోజే తన చెట్ల మీంచి వైర్లు ఇప్పించేశాడు. తారకేశ్వరరావు వాటిని, మామ ఇంటి వైరుతో సహా, ఒక్కడే రోడ్డు పక్క స్తంభాల మీదుగా లాక్కున్నాడు. భుజం ఇప్పటికీ పట్టేస్తుంది.

దినం అయ్యాక మామ వచ్చి వసారాలో కూర్చున్నాడు. ఆ పెట్టెకేసి చూశాడు.

"సెల్లెమ్మ ఎల్లిపోనాది. ఇంక ఆ ముందు వరస కాళీయే కదరా."

"మంచం కాళీ అవనేదు మావా. మర్నాడే నారాయణని పడుకోబెట్టినారు."

నారాయణ జోగారావు తోటలో కాయలు దింపేవాడు. జోగారావు తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

నీలవేణి మజ్జిగ తెచ్చి తండ్రి చేతికిచ్చింది.

"మ్యాచ్ ఎప్పుడు నానా?"

"సాయంత్రం."

"సూడు మరి. ఆగితే ఆగుద్ది."