ఇత్తడి బాకాలో వచ్చిన మాట

దయ్యాలంటే నాకు నవ్వులాట. చచ్చినవాళ్ల కన్నా బతికినవాళ్ల నోటికే ఎక్కువ జడిసేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో కూడా దయ్యం లేదు. ఏముందో నాకూ తెలియదు.

అసలు సంగతి ముందే చెప్పాలి. నాకు చెవుడు. ఇరవై దాటాక మొదలై పెరుగుతూ వచ్చింది. మా ఊరు ఎల్లారెడ్డి. అక్కడి కచేరీలో నాది రాతపని, తల వంచుకుని రాసుకుంటే గడిచిపోయేది. భయమంతా ఇంట్లోనే. కొత్తగా పెళ్లయింది. చెవిటి మొగుడు దొరికాడని తెలిస్తే నా భార్య లక్ష్మి ఎంత కుమిలిపోతుందోనని నా దిగులు. ఆమెది చాలా మెత్తని గొంతని అందరూ అనేవారు. నాకు పెదవులు కదలడమే కనిపించేది. అర్థం కానప్పుడు తలూపి ఊరుకునేవాణ్ణి.

నిజాం కాలం. గ్రామఫోను ఉన్న ఇండ్లు మా ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మనకూ ఒకటి కావాలని పట్టుబట్టాను. పాటల మీద ప్రేమతో కాదు. ఇంట్లో అది మోగుతుంటే ఎవరైనా అరిచి మాట్లాడాల్సిందే, ఆ గోలలో నా గుట్టు దాగుతుంది. చెవిటివాడి తెలివి అట్లా ఉంటుంది మరి.

లక్ష్మిని దోమకొండ పుట్టింటి నుంచి తీసుకొస్తూ, కామారెడ్డిలో స్టేషన్ దగ్గరి దుకాణానికి వెళ్లాం. యంత్రం ఒకటే, పాట బయటికొచ్చే బాకాలు మాత్రం రెండు రకాలు. ఒకటి చిన్న నల్ల రేకుది. ఇంకొకటి ఉమ్మెత్త పువ్వులా విచ్చుకున్న పెద్ద ఇత్తడిది.

"ఇంట్ల వినేటందుకు చిన్నది సాలు సాబ్. పెద్దది లగ్గాలకు పనికొస్తది," అన్నాడు దుకాణదారు. అతనిది పెద్ద గొంతు కాబట్టి నాకు అందింది. లక్ష్మి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. నేను తలూపాను. బిందె బేరం చేసినట్టు రెండు బాకాల మీదా వేలి కణుపుతో కొట్టి చూశాను. రేకుది వినబడలేదు. ఇత్తడిది ఖంగుమంది. అదే కొన్నాను. లక్ష్మి నా వైపు వింతగా చూసింది. ఆమె చిన్నదే కొనమన్నదని చాలా రోజులకు గాని తెలియలేదు.

మాది ఒంటి గది ఇల్లు. ఆ బాకా మోతకు గిన్నెలు అదిరేవి. పక్కింటి అవ్వ వాకిట్లోకి వచ్చి, "ఏంది బిడ్డా, చెవిటోళ్ల కొంపనా ఇది?" అని అరిచింది. ఆ మాట మాత్రం శుభ్రంగా వినబడింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మోత తగ్గించలేదు.

ఆషాఢంలో లక్ష్మి పుట్టింటికి వెళ్లింది. ఒక శుక్రవారం, కచేరీకి సెలవు. మధ్యాహ్నం బాకా ఊడదీసి వాకిట్లో కూర్చుని చింతపండుతో తోముతున్నాను. యంత్రం లోపల పెట్టెలో ఉంది. చుట్టుపక్కల మనిషి లేడు. అప్పుడు బాకాలోంచి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. మెత్తగా, అక్షరం అక్షరం తేటగా.

"గాజులు సప్పుడు చేస్తే తిరిగి సూడడు అమ్మా. లగ్గమైన నెలకే నాకు ఎరుకైంది. ఎవ్వలకు చెప్పకు. ఆయనకు సిగ్గయితది."

మా వైపు భార్య భర్తను పేరు పెట్టి పిలవదు. వెనక నిలబడి గాజులు మోగిస్తుంది. నా వెనక లక్ష్మి ఎన్నిసార్లు మోగించి ఊరుకుందో! కొంతకాలంగా ఆమె ప్రతిదానికీ నా ముందుకే వచ్చి నిలబడుతుంటే, నా మీద మోజనుకుని మురిసిపోయాను.

అదంతా నా మనసు ఆడిన ఆట అని సర్దిచెప్పుకున్నాను. శ్రావణంలో ఆమెను తీసుకురావడానికి దోమకొండ వెళ్లేదాకా ఆ సర్దుబాటు నిలిచింది.

మా అత్త ఏనాడూ అల్లుడి ఎదుట పడలేదు. తలుపు చాటు నుంచే మాట్లాడేది, నేను తలుపు వైపు తలూపేవాణ్ణి. ఆ రోజు ఆమె గడప దాటి వచ్చింది. నా ముఖానికి ఎదురుగా నిలబడి, నోటి మీది కొంగు తీసి, మాట మాట విడదీసి, "కాళ్లు కడుక్కోండ్రి. బువ్వ తిందురు," అంది. ఆమె నా చెవులతో కాదు, నా కళ్లతో మాట్లాడుతోంది. నేను తల ఎత్తలేకపోయాను.

తిరుగు బండిలో లక్ష్మిని అడిగాను. "మీ అమ్మతోని ఏం చెప్పినవ్?"

ఆమె కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగి చెప్పింది. పెదవుల మీద చదివాను. అవే మాటలు. ఆ శుక్రవారమే, పగటి బువ్వలు తిన్నాక చెప్పిందట.

ఇల్లు చేరగానే బాకా సన్నని మూతిని చెవికి ఆనించుకుని, ఇప్పుడు మాట్లాడమన్నాను. ఆమె వెడల్పు మూతిలో ముఖం పెట్టి చాలాసేపు మాట్లాడింది. హోరు తప్ప ఏమీ రాలేదు.

"నాకు వినబడ్తలేదు లక్ష్మీ," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి పైకి రావడం అదే మొదలు.

బాకా చెవిటివాళ్లకు సాయపడుతుందని కచేరీలో ఒకరన్నారు. పక్కింటి మాటైతే నేనూ ఒప్పుకుందును. దోమకొండ నుంచి మా ఊరికి బండి మీద పొద్దంతా ప్రయాణం. ఆ మాట అంత దూరం ఎట్లా వచ్చిందో, ఈ చెవిలోకే ఎట్లా దూరిందో ఈనాటికీ చెప్పలేను. ఆమెతో ముసలితనం దాకా కాపురం చేశాను. ఆమె గొంతు నేను విన్నది ఆ ఒక్కసారే. అదీ నా సిగ్గు దాచమని ఆమె ఇంకొకరిని బతిమాలుతుండగా.