విమానం వాల్వు, అత్త చెవి, నా గొప్పలు

మందస వెళ్లింది జీడితోటలు చూడటానికి కాదు, మా మేనత్తకు క్షమాపణ చెప్పడానికి. గత నెల ఆమెను హైదరాబాదు నుంచి విశాఖకు మొదటిసారి విమానం ఎక్కించాను. "జలుబుగా ఉందిరా, రైల్లో ఎలిపోదుం" అంది. ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి కదా, "విమానం గాలి చొరని డబ్బా అత్తా, లోపల నేల మీద ఉన్నట్టే ఉంటుంది" అని కొట్టిపారేశాను. దిగాక ఆమెకు ఎడమ చెవి వినిపించలేదు. చెవిపొర చిరిగిందన్నాడు డాక్టరు. ఫోన్లో చెబుదామంటే ధైర్యం చాల్లేదు.

విశాఖలో పొద్దున ఆరింటికి రైలెక్కితే తొమ్మిదిన్నరకు పలాసలో దిగాను. జనరల్ టికెట్ వందలోపే. దారంతా, విమానాల మరమ్మతు చేసే స్నేహితుడు చెప్పిన సంగతులే బుర్రలో తిరిగాయి. విమానం డబ్బా కానే కాదట. ఇంజన్ల నుంచి లోపలికి గాలి వస్తూనే ఉంటుంది, తోక వైపున్న వాల్వు దాన్ని కొలతగా బయటికి వదులుతుంది. పైన ఎగిరేటప్పుడు లోపలుండే ఒత్తిడి ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉండేటంత. దిగేటప్పుడు వాల్వు గాలిని తక్కువగా వదులుతూ ఆ ఒత్తిడిని నేలకు సరిపోయేలా పెంచుతుంది. చెవి కూడా దాంతో సర్దుకోవాలి. గుటక వేస్తే, ఆవలిస్తే చెవికీ గొంతుకీ మధ్య దారి తెరుచుకుంటుంది. జలుబు చేస్తే ఆ దారి సరిగ్గా తెరుచుకోదు. ఇంతమాత్రం తెలియకపోవడం సిగ్గుచేటు. తెలియదని ఒప్పుకోకపోవడం అంతకన్నా సిగ్గుచేటు.

పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో మందస బస్సు అప్పుడే వెళ్లిపోయింది. షేర్ ఆటో ఎక్కాను, ముప్పావు గంట ప్రయాణం. "సుట్టాలింటికా బావా? ఉత్త సేతుల్తో ఎల్తన్నావేటి?" అన్నాడు డ్రైవరు. అత్త కాళ్లు పట్టుకోవడానికి వెళ్తున్నానన్నాను. "అయితే అరటిపళ్లు రెండు డజన్లు కొను" అని బండి ఆపాడు.

అత్త వాకిట్లో కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తోంది. "కుడేపు కూకోరా, ఎడం సెవి ఇంకా పన్సేత్తనేదు" అంది. తల వంచుకుని అంతా చెప్పాను. నాకేమీ తెలియదన్నాను, తప్పంతా నాదేనన్నాను.

"పోన్లేరా, తెలీక అన్నావు" అంది అత్త. "దిగీటప్పుడు నొప్పి పేణం తీసీసింది. ఒకటే ఆవలింతలు. 'పక్కోలు సూత్తన్నారు, నోరు మూసుకో' అన్నావు కదా! నీ పరువు పోద్దని పళ్లు బిగబట్టీసినాను. మరొక్కపాలి కూడా తెరవనేదు, సూడు!"

నేను అలా అన్నట్టు నాకు గుర్తే లేదు. ఆమె మాత్రం మేనల్లుడి పరువు కాపాడానని మురిసిపోతోంది.

చెవిపొర కొన్ని వారాల్లో అతుక్కోవచ్చని డాక్టరు అన్నాడు. వినికిడి పూర్తిగా వస్తుందో లేదో చూడాలి. వాల్వు తన పని తాను చేసింది, అత్త ఒళ్లూ తన పని చేయబోయింది, అడ్డుపడింది నేనే. మీరు జలుబుతో ఉంటే డాక్టర్ని అడగకుండా విమానం ఎక్కకండి. ఎక్కాల్సివస్తే దిగేటప్పుడు గుటకలు వేయండి, ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా ఆవలించండి. పక్కన నాలాంటి పెద్దమనిషి నోరు మూసుకోమంటే, వినకండి.