చుక్క లేని నాలుగు స్క్రూలు

“పాప పడుకునే గదిలో ఈ కంప్యూటరు అంటుకుంటే?”

ఫోనులో నేను అడిగిన మొదటి మాట అదే. ఎలా ఉన్నావని కూడా అడగలేదు. మా మేనత్త ప్లగ్గు పీకెయ్యమంది, పిల్లని ముందు గదిలోకి మార్చమంది. నేను ఇంకేదో చెప్పబోతుంటే పెట్టేసింది. ముప్పావు గంటలో బస్సు దిగి వచ్చింది.

మా మేనత్త ఒక కంప్యూటర్ల దుకాణం వెనక గదిలో కూర్చుని పంతొమ్మిదేళ్లుగా డెస్క్‌టాప్‌లు బిగిస్తోంది. కొత్తగా వచ్చినవాళ్లు ఆమె ఎదురుగా నిలబడే మెకానిక్ లేడా అని అడుగుతారు. “ఉన్నాడుగా, జడ వేసుకుని కూర్చున్నాడు” అంటుంది తల ఎత్తకుండా. కొందరికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు. ఈమెకి వేళ్ల కొసల్లో ఉంటుంది. కోపం వచ్చిన రోజు బిగించిన స్క్రూ మళ్లీ ఊడిరావడం కష్టం. గోళ్లకి ఏనాడూ రంగు వేసుకోలేదు కానీ, ఆమె పనిముట్ల డబ్బాలో ఎర్ర గోళ్లరంగు సీసా ఎప్పుడూ ఉంటుంది. తాను బిగించిన ప్రతి స్క్రూ మీద, సగం తల మీదా సగం రేకు మీదా పడేలా ఒక చుక్క పెడుతుంది. తర్వాత ఎవరు తిప్పినా ఆ చుక్క విరుగుతుంది. దుకాణంలో ఆమెని చుక్కమ్మ అనేది అందుకే.

నా కంప్యూటరు కూడా నాలుగేళ్ల కిందట ఆమె బిగించిందే. నేను ఇంటి నుంచే ఒక ప్రయోగశాలకి పని చేస్తాను. సూక్ష్మదర్శినిలో తీసిన కణాల బొమ్మలు వస్తాయి, వాటిని లెక్కపెట్టే ప్రోగ్రాములు రాస్తాను. బొమ్మలు పెద్దవవుతున్నకొద్దీ పాత యంత్రం ఆయాసపడుతోందని కొత్త భాగాలు వేద్దామనుకున్నాను. మూడు వారాలు కూర్చుని పట్టిక తయారు చేశాను. ప్రాసెసరు, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు, ఒక్కోదానికి నాలుగేసి రకాలు, వేగం, వేడి, ధర. నన్ను చేసుకునేటప్పుడు ఇందులో పదో వంతైనా ఆలోచించారా అంది నా భార్య. పట్టికలో చిట్టచివరి వరుస పవర్ సప్లై, లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే డబ్బా. దాని ఎదురుగా ‘ఉన్నదే చాలు’ అని రాశాను. దాని మీద ఆరువందల యాభై వాట్లని ఉంది. అన్ని భాగాలూ కూడితే నాలుగువందల ముప్ఫై దాటలేదు. ఇంకేం కావాలి?

ఆదివారం కొత్త కార్డు పెట్టాను. మంగళవారం మధ్యాహ్నం పని మధ్యలో యంత్రం దానంతటదే ఆగి మళ్లీ మొదలైంది. రెండోసారి ఆగినప్పుడు ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. వెనక చెయ్యి పెడితే చురుక్కుమంది. రెండడుగుల దూరంలో మా నాలుగేళ్ల పాప బోర్లా పడుకుని నిద్రపోతోంది.

అత్త వచ్చీ రాగానే నా పట్టిక చూపించాను. పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

“బాగుంది. దీన్ని మడిచి బల్ల కాలి కింద పెట్టు, ఊగకుండా ఉంటుంది.”

తర్వాత యంత్రాన్ని తిప్పి వెనక వైపు చూసింది. చూస్తూ ఉండిపోయింది. మూత తీసి లోపలికి టార్చి వేసింది. నేను కార్డు పెట్టిన చోట తప్ప లోపల ఎక్కడ చూసినా ఎర్ర చుక్కలే. పవర్ సప్లైని వెనక రేకుకి పట్టి ఉంచే నాలుగు స్క్రూల మీద మాత్రం ఒక్క చుక్క లేదు. ఈ పవర్ సప్లైని ఎవరు విప్పారని అడిగింది. ఎవరూ విప్పలేదన్నాను. దుకాణం నుంచి అట్టపెట్టెలో వచ్చింది, ఇక్కడ పెట్టాం, అంతే.

గంటసేపు దాన్ని ముట్టుకోనివ్వలేదు. ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది, అలవాటు లేనివాళ్లు దీన్ని విప్పకూడదు అంది. ఆ గంటలో నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ఆమె తిట్టకపోతే నాకు ఎక్కువ భయం. తర్వాత విప్పింది. పెద్ద వాట్ల స్టిక్కరు కింద ఇంకో స్టిక్కరు ఉంది, దాని మీద రెండువందల యాభై. లోపల దారాల్లాంటి తీగలు, మాడి నల్లబడిన ఒక మూల. అడుగున జిగురుతో అంటించిన సిమెంటు ముక్క, సబ్బుబిళ్లంత. చేత్తో పట్టుకున్నవాడికి బరువుగా, మంచి సరుకులా అనిపించడానికి.

నాలుగు దశాంశ స్థానాల దాకా లెక్కలు వేసే నేను ఒక స్టిక్కరుని నమ్మాను. ఆ కోపం నా మీద చూపించుకునే ధైర్యం లేక ఆమె మీద చూపించాను.

“నువ్వు బిగించావని నమ్మానత్తా. అందుకే దీన్ని విప్పి చూడలేదు.”

అత్త ఆ సిమెంటు ముక్కని చేతిసంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది. నేనూ వెంట వెళ్లాను.

దారిలో బస్సులో చెప్పింది. ఆమె బిగించి చుక్కలు పెట్టిన యంత్రం సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికని ముందు గదిలో యజమాని బల్ల మీదికి వెళ్తుందట. అక్కడినుంచి నేరుగా కొన్నవాళ్ల ఇంటికి. వెనక గదిలోంచి ఆ బల్ల కనబడదు. తాను పెట్టినది తీసేసి ఈ నాసిరకం పెట్టింది అక్కడే అంది. “పంతొమ్మిదేళ్లు గోడకేసి కూర్చుని చుక్కలు పెట్టుకున్నాను” అంది. ముందు సీట్లో ఉన్నాయన వెనక్కి తిరిగి చూశాడు. ఆయన్ని కూడా అంతే కోపంగా చూసింది.

దుకాణంలో అయిదారుగురు ఉన్నారు. అత్త సిమెంటు ముక్కని యజమాని ముందు, బిల్లుల పుస్తకం మీద పెట్టింది. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు, నవ్వడానికి ప్రయత్నించాడు.

“లోపలికి రా అక్కా, కూర్చుని మాట్లాడుకుందాం.”

“లోపల మాట్లాడుకునే సంగతైతే నీ లోపలే దాచుకోవాల్సింది. జనం ఇళ్లల్లో పెట్టావు.”

మార్కెట్లో అందరూ చేసేదే అన్నాడు. నాలుగేళ్లు నడిచింది కదా అన్నాడు. అంతగా అయితే మీవాడికి కొత్తది ఇప్పిస్తానన్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కాస్త ఆశ పుట్టింది, ఇచ్చేది తీసుకుని వెళ్లిపోదామని. నా మొహం చూసి ఆమెకి అర్థమైపోయింది.

“నువ్వు నోరెత్తకు” అంది నాతో. తర్వాత అతనితో, “మావాడికి ఇస్తావు. మిగతా ఇళ్లల్లో పిల్లలు లేరా? ఎవరెవరికి అమ్మావో చెప్పు. నేనే వెళ్లి మారుస్తాను.”

అప్పుడు అతని గొంతు మారింది. బిగించేదానివి బిగించుకో, ఏది కొనాలో ఏది పెట్టాలో నీకెందుకు అన్నాడు. ఇష్టం లేకపోతే గుమ్మం అటు ఉందన్నాడు.

అత్త వెనక గదిలోకి వెళ్లింది. అయిపోయింది, ఏడుస్తుందేమో అనుకున్నాను. తన స్క్రూడ్రైవర్లు, గోళ్లరంగు సీసా తెచ్చుకుని బయటికి వచ్చింది. అక్కడ నిలబడ్డవాళ్లందరికీ సీసా ఎత్తి చూపించింది. మీ ఇంట్లో ఈ దుకాణం యంత్రం ఉంటే వెనక వైపు చూడండి, కరెంటు తీగ దూర్చే చోటు చుట్టూ నాలుగు స్క్రూలుంటాయి, వాటి మీద ఈ రంగు చుక్కలు లేకపోతే ప్లగ్గు పీకి నా దగ్గరికి తీసుకురండి, అని తన ఇంటి గుర్తులు చెప్పింది. మీకు తెలిసినవాళ్లకీ చెప్పండంది. ఇదంతా అరవకుండా, బడిలో పాఠం చెప్పినట్టు చెప్పింది. యజమాని మాత్రం అరిచాడు. పంతొమ్మిదేళ్ల తర్వాత అలా బయటికి వచ్చింది.

ఇప్పుడు ఆమె తన ఇంటి ముందు గదిలో ఒక బల్ల వేసుకుంది. మొదటి నెలలో పదకొండు యంత్రాలు వచ్చాయి. ఏడింటికి ఆ నాలుగు చుక్కలు లేవు. ఒక్కోటి విప్పినప్పుడల్లా అదే మొదటిదన్నట్టు తిడుతుంది. తీసిన సిమెంటు ముక్కల్ని కిటికీ గట్టు మీద వరసగా పెట్టింది. ఆ దుకాణం మాత్రం ఇంకా తెరిచే ఉంది, జనం ఇంకా వెళ్తూనే ఉన్నారు. అటుగా వెళ్లినప్పుడల్లా నాకు పళ్లు నూరుకోవడం తప్ప ఏమీ చేతకావడం లేదు.

నేను కొన్న కార్డుని వెనక్కిచ్చి రెండు మెట్లు కింది రకం తీసుకున్నాను. మిగిలిన డబ్బుతో అత్త చెప్పిన పవర్ సప్లై కొన్నాను. దాన్ని మా ఇంట్లోనే, నా కళ్ల ముందే బిగించి నాలుగు చుక్కలూ పెట్టింది. పాప తన బొటనవేలి గోరు కూడా చాపింది. దానికీ ఒక చుక్క పడింది. నేను మళ్లీ నా పట్టిక తీసి, కార్డు తక్కువ రకం కావడం వల్ల వేగం ఎంత శాతం తగ్గుతుందో చెప్పబోయాను. కాగితం నా చేతిలోంచి లాక్కుని తలకిందులుగా తిప్పి నా ఒళ్లో పడేసింది.

మొన్న పాపకి సైకిలు కొనడానికి వెళ్లినప్పుడు రంగులు తర్వాత చూద్దాం, ముందు బ్రేకులు చూపించమన్నాను. కొట్టువాడు వింతగా చూశాడు. అతనికేం తెలుసు, ఆ రోజు కాగితం ఒళ్లో పడేసి అత్త నాతో ఏమందో.

“కింది నుంచి కొనుక్కుంటూ రారా. నువ్వు చివర రాసి వదిలేసిందే కదా, నీ పిల్ల పక్కన మండింది.”