వాము అర్కు సీసాలో నీలగిరి తైలం

ఆదివారం, రాజమండ్రి. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన మెసేజ్‌ని నిన్న తీసేశారు. "నలుగురూ సరదాగా ఉండే చోట ఈ భయాలెందుకండీ" అన్నారు. సరే... ఇది నా ఫేస్‌బుక్ గోడ. ఇక్కడ ఎవరూ తీయలేరు. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మా చిన్నప్పుడు... నిడదవోలు దగ్గర మా ఊళ్ళో ఎవరు ఊటీ వెళ్ళొచ్చినా నీలగిరి తైలం పెద్ద డబ్బాతో తెచ్చేవారు. తెచ్చినవాళ్ళు ఒక్కరే ఉంచుకుంటే మర్యాద కాదు. వీధిలో ప్రతి ఇంటికీ కబురు వెళ్ళేది... ప్రతి ఇంటి నుంచీ ఒక ఖాళీ సీసా వచ్చేది. తేనె సీసా, సిరా సీసా, అత్తరు సీసా... ఏది ఉంటే అది. అందరికీ పోసి పంపేవారు. ఆ రోజు వీధి వీధంతా ఆ ఘాటే. నాకు ఇప్పటికీ ఇష్టమైన వాసన అది, అబద్ధమెందుకు.

మా చెల్లి పుట్టిన ఏడు మా ఇంటి నుంచి వెళ్ళింది వాము అర్కు సీసా. చంటిపిల్లలకు కడుపునొప్పి వస్తే చెంచాడు పట్టే అర్కు అది. సీసా కడిగారు, ఆరబెట్టారు... పైనున్న కాగితం మాత్రం అలాగే ఉంచేశారు. తైలం నిండి వచ్చాక వంటింటి గూట్లో, అసలు వాము అర్కు సీసా పక్కనే పెట్టారు. చూడటానికి రెండూ నీళ్ళలాగే ఉంటాయి.

అప్పుడు మా నాయనమ్మకు పడిశం. తైలం తెప్పించిందే అందుకు. నుదుటికీ ఛాతీకీ రాసుకుని మధ్యాహ్నం ఉయ్యాల దగ్గర కూర్చుంది. అమ్మ బట్టలు ఉతకడానికి కాలవకి వెళ్ళింది. నెలల పిల్ల మా చెల్లి సుశీల కాళ్ళు ముడుచుకుని ఒకటే ఏడుపు. నాయనమ్మ లేచి, గూట్లో సీసా అందుకుని, కాగితం చూసుకుని, ఉగ్గుగిన్నెలోకి వంపి చెల్లికి పట్టింది. ఆ వీధిలో పుట్టిన పిల్లలందరికీ లాలపోసి ఉగ్గు పట్టిన చెయ్యి అది.

పలక పట్టుకుని పక్కనే ఉన్న నాకు వాసన వచ్చింది.

"నాయనమ్మా, చెల్లి నోట్లోంచి నీలగిరి వాసన వస్తోందే!"

"నా ఒంటిదేనే అది! ఇందాక రాసుకోలేదూ? ముక్కు దిబ్బడేసి నేను చస్తుంటే నీకు వాసనలొకటి. ఎక్కాలు చదువుకో."

చదువుకున్నాను... ఇంతలో చెల్లికి పొలమారింది. నోట్లోంచి చొంగ. ఏడుపు ఆగిపోయింది. "చూశావా, తగ్గింది" అంది నాయనమ్మ. ఆ మాట అంటుండగానే పిల్ల మెడ వాల్చేసి కళ్ళు తేలేసింది.

కేకలు విని పక్కింటి రత్తమ్మ గారు పరుగెత్తుకొచ్చారు. "ఉప్పునీళ్ళు పట్టండి పిన్నిగారూ, కక్కేసిద్ది!" పట్టారు. కక్కింది... ఊపిరి ఇంకా బరువైంది. అమ్మ తడిబట్టలతోనే వచ్చి పిల్లను ఎత్తుకుంది. నాన్న జట్కా కట్టించి నిడదవోలు తీసుకెళ్ళారు.

డాక్టరు గారు పిల్ల నోటి దగ్గర వాసన చూసి "ఏం పట్టారు?" అని అడిగారట. నాన్న సీసా చూపించారు. కాగితం మీద వాము అర్కు. మూత తీస్తే నీలగిరి. "నూనెను కక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందయ్యా, ఇంకెప్పుడూ ఆ పని చెయ్యకండి" అని గట్టిగా కేకలేశారట.

చెల్లి బతికింది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చింది. నాయనమ్మ మాత్రం ఆ తర్వాత ఏ పసిబిడ్డకీ ఉగ్గు పట్టలేదు. ఎవరైనా బిడ్డను తెచ్చి "మీ చేత్తో పట్టండి" అని అడిగితే, రెండు చేతులూ కొంగులో దాచేసుకునేది...

ఇప్పటి సంగతికొస్తాను. పోయిన వారం మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళు ఊటీ టూరు వెళ్ళి క్యాను నిండా తైలం తెచ్చారు. మళ్ళీ అదే పంపకం. మా కోడలు కూల్‌డ్రింక్ సీసాలో పోయించుకొచ్చి స్టవ్ పక్కన గట్టు మీద పెట్టింది. ఇంట్లో నా మనవడు ఇప్పుడిప్పుడే గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. చేతికి ఏది దొరికినా నోట్లోకే.

నేను ఆ సీసా తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను.

"రేపు మారుస్తానన్నాను కదా అత్తయ్య గారూ" అంది కోడలు.

"రేపటిదాకా వాణ్ణి చేతులు కట్టుకుని కూర్చోమని చెప్పు మరి" అన్నాను.

పై అంతస్తు ఆవిడ కూడా వచ్చింది. "ఆకుల నూనేనండి ఆంటీ గారూ, కెమికల్ కాదు. అయినా అంత ఘాటు... వాసన చూస్తే ఎవరికైనా తెలిసిపోద్ది కదండీ!"

తెలియదమ్మా. ఆ తైలం కావలసినవాళ్ళ ముక్కు పనిచేయదు. పనిచేసే ముక్కున్న పిల్ల చెప్పినా పెద్దవాళ్ళు వినరు.

చాదస్తం అంటున్నారు... అననివ్వండి. తాళంచెవి నా బొడ్లో ఉంది. గాజు సీసా వచ్చేదాకా అక్కడే ఉంటుంది.

వీధంతా ఒకటై పంచుకునే రోజులు పోయాయని ఎన్నోసార్లు బాధపడ్డాను. ఆ పంపకం తిరిగొచ్చినందుకు నిజంగా సంతోషం. కానీ అప్పట్లో మావాళ్ళు తెలియక చేశారు... ఇంత చదువుకున్న మనకు ఆ సాకు లేదు.

ఇక జరగవలసినవి:

1. కూల్‌డ్రింక్, మంచినీళ్ళ, మందుల సీసాల్లో ఉన్న తైలమంతా మూత బిగువుగా పట్టే ముదురు రంగు గాజు సీసాల్లోకి మారాలి. ప్లాస్టిక్ ఈ నూనెకు ఆగదు. పైన "నీలగిరి తైలం, తాగకూడదు" అని పెద్దక్షరాలతో అంటించాలి.

2. స్టవ్వుకీ, దేవుడి దీపానికీ, ఎండకీ దూరంగా ఉంచాలి. ఇది అంటుకునే నూనె. పిల్లలున్న ఇంట్లో తాళం తప్పనిసరి.

3. చంటిపిల్లల ముక్కుకీ మొహానికీ రాయొద్దు. పెద్దవాళ్ళు కూడా కొబ్బరినూనెలో కొద్ది చుక్కలు కలుపుకునే రాసుకోవాలి.

4. ఎవరైనా మింగితే కక్కించొద్దు. బాగానే ఉన్నట్టు కనిపించినా ఆగొద్దు. సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

5. మీ ఇళ్ళలో ఏ సీసాలో ఏది పోసి ఎవరి ప్రాణం మీదకు తెచ్చుకున్నారో కింద రాయండి. నవ్వేవాళ్ళు చదవాలి.

6. గ్రూపులో నా మెసేజ్ మళ్ళీ కనిపించాలి. లేదంటే ఈ సాయంత్రం నేనే ప్రతి ఫ్లాటు తలుపూ కొడతాను. లిఫ్టు ఆగిపోయినా మెట్లెక్కి వస్తాను... నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను.