గాజు అడవిలో గూని ఈగ

ప్రొద్దుటూరులో మాది కిరాణా అంగడి. కందిపప్పు గుప్పెట్లోకి తీసుకుని పాతదో కొత్తదో చెప్పేసే ఇంట్లో పుట్టాను కాబట్టి, ఏ సరుకూ నా కళ్ళముందు అబద్ధమాడలేదని నాకో పొగరు. ఆ పొగరుతోనే దోహా వచ్చాను. అల్ రయ్యాన్‌లో గాజు కప్పు కింద ఒక అడవిని పెంచి జనానికి చూపించే కంపెనీలో, అడవికి కావలసినవి కొనిపెట్టడం నా పని. బయట కారు తలుపు పట్టుకుంటే చెయ్యి కాలే ఎండ. లోపల గొట్టాల్లోంచి చల్లటి తుంపర, మలేషియా ఫెర్న్‌లు, కేరళ ఏలకి మొక్కలు, వాటి మధ్య సీతాకోకచిలుకలు. మట్టి, ఎరువు, సీతాకోకచిలుకలకు పెట్టే అరటిపళ్ళు అన్నీ నేను బేరమాడి తెచ్చినవే. ఎంత తక్కువకు తెచ్చానో అన్నం తినేచోట గొప్పలు చెప్పుకునేవాణ్ణి కూడా.

సీతాకోకచిలుకల పని చూసేవాడు నిజామాబాద్ అతను, నా కన్నా చిన్నవాడు. ఇంటికి ఫోన్ చేస్తే దక్కనీ ఉర్దూ, నాతో తెలుగు. ఉమ్ ఘువైలినాలో మా ఇద్దరిదీ ఒకటే గది. డిగ్రీలో జంతుశాస్త్రం చదివాడు. జీతం సీతాకోకచిలుకలదే గానీ ప్రాణం మాత్రం ఈగల మీద.

"చిలుకల్ని అందరు చూస్తరన్నా. అడవిని నడిపేది ఈగలు. రాలినదాన్ని మట్టి చేసేది అవి, పూలకు పుప్పొడి మోసేది అవి. పేరేమో చిలుకలకు."

పొద్దున జనం రాకముందు, ఫెర్న్‌ల కింద పెట్టిన సబ్బునీళ్ళ పళ్ళేల్లో తేలిన ఈగలను తెల్లకాగితం మీద పోసి నా చేతికి భూతద్దం ఇచ్చేవాడు. ఒకరోజు పువ్వు మీద పసుపు నలుపు చారలది కనిపిస్తే నేను రెండడుగులు వెనక్కి దూకాను.

"కందిరీగప్పా!"

"రెక్కలు సూడన్నా. కందిరీగకు నాలుగుంటయి, దీనికి రెండే. ఎనక రెక్కలుండాల్సిన జాగల గుండుసూది తలల్లాంటివి ఉన్నయి సూడు. గిది ఈగ. కందిరీగ అంగీ తొడుక్కుంది, గంతే."

బజారులో నకిలీ కంపెనీ చొక్కాను పది బారల దూరం నుంచి పట్టేసే నన్ను ఒక ఈగ మోసం చేసింది. ఆ వారమంతా నన్ను చూస్తే చాలు, 'కందిరీగ' అని ఏడిపించాడు.

అలా అలవాటైంది. మీసాలు పొడుగ్గా, కాళ్ళు సన్నగా, తడిమట్టి మీద బద్ధకంగా లేచి వాలేది బూజు ఈగ. దాని పిల్లలు మట్టిలో బూజు తిని బతుకుతాయి. మీసాలు కనీకనిపించకుండా, వీపు గూనిగా, ఎగరడం మాని ఆగి ఆగి ఉరికేది గూని ఈగ; దానికి కుళ్ళినదీ చచ్చినదీ కావాలి. పప్పులకు మల్లే వీటిని డబ్బాలకెత్తుదామని నేనంటే నవ్వేవాడు.

"వానడవులల్ల పేరు పెట్టని ఈగలు ఎన్నున్నయో ఎవ్వనికి తెల్వదు. మీ అంగడి మొత్తం డబ్బాలే పెట్టినా సాలవన్నా."

ఆ ఎండాకాలం గాజు అడవిలో ఈగలు పెరిగిపోయాయి. చూడవచ్చిన పిల్లల జ్యూసుల్లో పడ్డాయి. పెద్దలు ఫిర్యాదు చేశారు. ఈజిప్టు మేనేజరు మా అందరినీ నిలబెట్టాడు. ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయి, ఎవరి తప్పు, ఆ మనిషి ఇక ఈ అడవిలో ఉండడు అన్నాడు.

ఆ పొద్దునే, సీతాకోకచిలుకలు పగలగొట్టుకుని బయటికొచ్చే ప్యూపా గూళ్ళు వేలాడదీసే పెట్టె వెనక నేనొకటి చూశాను. రాలిపడిన గూళ్ళ కుప్ప. తియ్యాల్సిన మావాడు తియ్యలేదు, కుళ్ళిపోయింది, దాని మీద ఈగలు ఉరుకుతున్నాయి. వాడికి చెబుదామనుకునేలోపే మేనేజరు నుంచి ఈ పిలుపొచ్చింది.

మేనేజరు ఒక గాజు సీసాలో నాలుగు ఈగలు పట్టి తెచ్చాడు. మావాడు సీసాకు భూతద్దం ఆనించి చాలాసేపు చూశాడు. నా వైపు చూడలేదు.

"బూజు ఈగలు సార్. మట్టిలోంచి వచ్చినయి."

నేను నిలబడ్డచోటికే కనిపిస్తోంది. సీసా గోడ వెంట అవి ఆగి ఆగి ఉరుకుతున్నాయి.

"భూతద్దం ఇటీప్పా, నేనూ చూస్తా," అన్నాను, మాట తేలిగ్గానే.

వాడు దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"సార్, ఇవి మట్టి ఈగలు కావు," అన్నాను మేనేజరుతో. ఆయన నవ్వాడు. "హబీబీ, నువ్వెప్పుడు ఈగల డాక్టరువయ్యావు? ఆ మట్టి ఎంత చవగ్గా తెచ్చావో నువ్వే కదా అందరికీ చెప్పావు!" అందరూ నవ్వారు. నా గొప్పలే నా మీద సాక్ష్యం చెప్పాయి. పెట్టె వెనక కుప్ప సంగతి నాలుక చివర ఉంది. కానీ వాడే నోరు విప్పుతాడని చూశాను. గుమ్మం దాటిన గిరాకీ వెనక్కి తిరిగి వస్తాడని అంగట్లో కాచుకునేవాళ్ళం చూడండి, అలా. మేనేజరు "ఖలాస్" అనేశాడు. నన్ను ఊరికి దూరంగా మెసయీద్ గోదాముకు మార్చారు.

నేను బట్టలు సర్దుకుంటుంటే వాడు మంచం అంచున కూర్చున్నాడు.

"నన్నైతే ఇంటికే పంపుతుండె అన్నా. నిన్ను గోదాముకే గదా. నువ్వే జెప్పు, ఏది తక్కువ నష్టం?"

లెక్కలో తప్పు లేదు. నాకు రోజూ వచ్చే లెక్కే అది, నా మీదే వేశాడు.

"ఒక్కమాట నన్ను అడిగింటే, మట్టి నాదేనని నేనే ఒప్పుకుంటాంటి గదప్పా," అన్నాను.

వాడు తల దించుకున్నాడు. "అడిగితే బేరమాడుతవనుకున్న."

నాకు నవ్వొచ్చింది. నిజమే, ఆడేవాణ్ణి. నెలరోజుల వంట నీదే అనేవాణ్ణి, గిన్నెలు కూడా కడగమనేవాణ్ణి, వాణ్ణి ఏడిపించి ఏడిపించి చివరికి ఏమీ తీసుకోకుండానే తప్పు నా మీద వేసుకునేవాణ్ణి. ఇన్నాళ్ళు ఒక గదిలో పడుకుని, ఏ ఈగనైనా వీపు చూసి పోల్చేవాడు, నన్ను మాత్రం బేరం వరకే చూశాడు.

కింద కంపెనీ బస్సు హారన్ కొట్టింది. వాడు లేచి నా పెట్టె పిడి పట్టుకున్నాడు.

"ఇడ్సిపెట్టు. నేనే మోసుకుంటా."

మూడంతస్తులూ నేనే దించాను. వాడు వెనకాలే వచ్చాడు, ఖాళీ చేతులతో.