కంపెనీకి తిన్నె ఉండాదా?

ఉడుమలైపేట దారిలోని ఆ చిన్న మునిసిపాలిటీలో వీధి దీపం ఆరితే వెలిగించడానికి రెండే సాధనాలు. ఒకటి వైర్‌మ్యాన్ మునియాండి నిచ్చెన. రెండోది పాప్పమ్మాళ్.

మిల్లు గేటు ఎదుటి కరెంటు స్తంభం కింద ఆమె ఇడ్లీ కొట్టు. తెల్లవారుజామున షిఫ్టుకు పిలిచే మిల్లు సంగు ఊదేలోపు షిఫ్టు జనమంతా ఆ దీపం వెలుగులోనే తిని పోవాలి. దీపం లేకపోతే చట్నీ ఏదో సాంబారేదో తెలియక పక్క సందు కాఫీ క్లబ్బుకు మళ్ళుతారు. మొగుడు పోయాక ఆమె బతుకంతా ఆ దీపమే.

అర్జీ రాయడం ఆమెకు రాదు. కూర్చోవడం వచ్చు. దీపం ఆరిన రోజు చిన్నుల్లిపాయల బుట్టతో కౌన్సిలర్ రంగరాజన్ ఇంటి తిన్నె ఎక్కి, ఆ వీధరుగు మీద వలుస్తూ కూర్చునేది. ఆయన నూలు వ్యాపారి. తిన్నె మీదికి వచ్చిన మనిషి కనీసం మజ్జిగైనా తాగనిదే ఇంటి యజమాని భోజనానికి ఆకు ముందు కూర్చోకూడదని వాళ్ళింట తాతలనాటి కట్టుబాటు. పాప్పమ్మాళ్ మజ్జిగ ముట్టేది కాదు. మధ్యాహ్నానికి రంగరాజన్ కడుపులో ఎలుకలు పరుగెత్తేవి, ఆ వెనకే మునియాండి నిచ్చెనతో పరుగెత్తేవాడు.

ఇలా ఉండగా, స్తంభాలూ తీగలూ అన్నీ కొంటామని ఒక కంపెనీ వచ్చింది. కొత్త తీగలు వేస్తామంది. మునిసిపాలిటీ తీగలు కాకి వాలితే తెగేవి కాబట్టి ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కౌన్సిల్ సగం అటు, సగం ఇటు. తేల్చాల్సింది రంగరాజన్ చెయ్యి. ఆయనేమో తన తిన్నెకు పట్టిన పీడ విరగడవుతుందని అప్పుడే వీధంతా చెప్పుకున్నాడు.

ఓటు రోజు పొద్దున్నే పాప్పమ్మాళ్ బుట్టతో తిన్నె ఎక్కింది.

"దీపం వెలుగుతానే ఉండాది కదక్కా, ఏమిటికి వచ్చినావు?" అన్నాడు రంగరాజన్.

"ఒక మాట అడగాలనయ్యా. కంపెనీకి తిన్నె ఉండాదా?"

"ఆఫీసు ఉండాది, మద్రాసులో. జాబు రాస్తే చాలు."

"జవాబు ఎన్ని దినాలకు వస్తాది?"

"పది, పదైదు దినాలు."

ఆమె ఇంకో ఉల్లిపాయ తీసుకుంది. "సరి, అమ్మేయండయ్యా. నాకు మద్రాసు దారి తెలీదు, తెలిసిన తిన్నె ఇదొకటే. దీపం ఆరితే ఈడికే వస్తాను. జవాబు వచ్చేదాకా ఈడనే ఉంటాను."

మాట నిబ్బరంగానే వచ్చింది గానీ లోపల ఆమెకు చాలా భయంగా ఉంది. ఈయన కట్టుబాటును గాలికొదిలి హాయిగా భోంచేస్తే తనేం చేయగలదు?

లోపలి నుంచి ఆయన భార్య కల్యాణసుందరి గొంతు వినిపించింది. "పదైదు దినాలు నేను వండి ఎవరికి పెట్టేదండీ?"

కౌన్సిల్‌లో రంగరాజన్ అమ్మకానికి వ్యతిరేకంగా చెయ్యెత్తాడు. ఊరి సొత్తు ఊరి చేతిలోనే ఉండాలని అరగంట ఉపన్యసించాడు. జనం చప్పట్లు కొట్టారు. కడుపు సంగతి మాత్రం ఎక్కడా రాలేదు.

తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా తిన్నె మీదే ఉంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అమ్మలేదక్కా."

"అయితే మజ్జిగ తెమ్మనండి. మీరూ పోయి తినండి," అంది పాప్పమ్మాళ్. కళ్ళు తుడుచుకుని నెపం ఉల్లిపాయల మీదికి నెట్టింది.

వారం తిరక్కుండానే కాకి వాలి తీగ తెగింది. పాప్పమ్మాళ్ బుట్ట ఎత్తుకుని మలుపు దాకా పోయిందో లేదో, ఎదురుగా నిచ్చెన వస్తోంది. ఒక కొస మునియాండి భుజం మీద ఉంది. రెండో కొస మోస్తున్నది రంగరాజన్.