రాజనర్సు దాచిన దారం

రాజనర్సు ఓర్వలేనితనం బోధన్‌లో అందరికీ తెలుసు. పక్కింటి బర్రె రెండు పూటలా పాలిస్తే ఈయనకు కడుపునొప్పి.

చక్కెర ఫ్యాక్టరీకి జపాను మిషన్లు వస్తున్నాయని పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో రాజనర్సునూ, తోటి గుమాస్తా సిద్దిరాములునూ హైదరాబాదు పంపి ఆ భాష నేర్పించారు. ఒకాడా అనే ఇంజనీరు వచ్చి, పరీక్ష పెట్టి, ఇద్దరిలో ఒక్కరినే దుబాసీగా పెట్టుకుంటాడు. ఆ కుర్చీ మీదే రాజనర్సు ప్రాణమంతా.

ఇద్దరికీ మాటలు ఒక్కలాగే వచ్చు. తేడా వేగంలోనే. జపాను వాక్యం కూడా మనలాగే అసలు పనిని చివర చెబుతుంది. రాజనర్సు చివరిదాకా విని, మళ్లీ మొదటికొచ్చి వెతుక్కునేవాడు. సిద్దిరాములు వింటూనే ఒక్కో ముక్కను ఒక్కో చీటీ మీద రాసి, ఒకదానిపై ఒకటి పెట్టేవాడు. పైనున్న రెండూ జోడని తేలితే వాటిని దారంతో కట్టేవాడు, అనుమానమైతే తర్వాతి మాట కోసం ఆగేవాడు. వాక్యం ముగిసేసరికి అర్థం చేతిలో ఉండేది.

అది తన ఇంటి బీడీ దారమని గుర్తుపట్టగానే రాజనర్సుకు ఒళ్లు మండింది. ఇంటికి ఉరికి భార్య మీద పడ్డాడు. "మన దారం వానికెందుకిచ్చినవ్?"

బీడీలు చుడుతున్న లింగవ్వ తలెత్తలేదు. "అడిగిండు, ఇచ్చిన. మూరెడు దారానికి గింత మంటనా?"

పరీక్షనాడు రాజనర్సు ఒక దారపుండ జేబులో వేసుకుని, మిగతాదంతా సందూకులో పెట్టి తాళమేసి పోయాడు.

"ఫిట్టరు, నిన్న ఊడిన పైపును మళ్లీ బిగించాలి" అని ఒకాడా తన భాషలో అన్నాడు. తనే ముందుండాలని రాజనర్సు తనూ చీటీలు రాసి, పైపు మాట రాకముందే ఫిట్టరు చీటీని 'ఊడిన' చీటీకి కట్టేశాడు. జపానులో 'ఊడిన'కూ 'ఊడిండు'కూ మాట ఒక్కటే. బీడీ ముడి పడితే విప్పరాదు. "నిన్న ఫిట్టరు ఊడిండు!" అని అరిచాడు. అందరూ పడీపడీ నవ్వారు. దారం దొరకని సిద్దిరాములు చీటీలను వేళ్ల సందున పట్టుకుని నింపాదిగా సరిగ్గా చెప్పాడు. "మా దగ్గర లెక్కలు చేసే మిషన్లకు ఇదే పని నేర్పుతున్నారు" అని ఒకాడా మురిసిపోయి కుర్చీ సిద్దిరాములుకే ఇచ్చాడు.

తాళంచెవి మొగుడి జేబులో ఉండబట్టి లింగవ్వ ఆ రోజు ఒక్క బీడీ కట్టలేదు. "నీ ఏడుపు పాడుగాను, నా కూలి పాయె" అని ఇల్లు చేరిన మొగుణ్ణి తిడుతుండగానే వాకిట్లో ఫ్యాక్టరీ జీపు ఆగింది. సిద్దిరాములు దిగి, "వదినె, నువ్విచ్చిన దారానికి బదులు" అని కొత్త ఉండ చేతిలో పెట్టి పోయాడు.

లింగవ్వ బీడీల చేట ముందరేసుకుంది. రాజనర్సు ఆ ఉండను చేతిలోకి తీసుకుని, తన జేబులోని ఉండ పక్కన పెట్టి చూశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"సూసినవా, వానికి దారం గూడ పెద్దదే దొరికింది."